ఏ రేవు, ఏ ఊరు? కోనసీమ నుంచి వలసపోయినవారి మూలాల అన్వేషణ

మారిషస్, దక్షిణాఫ్రికా, ఫిజీ, మలేసియాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు అయిదో తరం, ఆరో తరం నడుస్తోంది. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. 1981లో కౌలాలంపూర్‌లో రెండోవి, 1990లో మారిషస్‌లో మూడోవి జరిగాయి. అప్పటినుంచి ఈ కుటుంబాలకు తెలుగునాటితో రాకపోకలు పెరిగాయి. తాము తెలుగువాళ్ళమన్న సంగతి వాళ్ళకు ముందునుంచీ తెలుసు. తెలియనిది ఊరు. ముత్తాత తండ్రి ఎక్కడ పుట్టాడు, అసలు ఇంటిపేరేమిటి, అక్కడ ఇంకా అయినవాళ్ళు ఎవరైనా మిగిలారా అని అడుగుతున్నారు.

జవాబుల్లో గోదావరి జిల్లా పేరు తరచూ వస్తుంది. గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్న కోనసీమ ఆనాటి సముద్ర ద్వారాల పక్కనే ఉంది. ఆ రోజుల్లో ఎదుర్లంక రేవులో పడవెక్కి గౌతమి దాటితే యానాం, అంటే ఫ్రెంచివారి ఏలుబడి. యానాం పక్కనే కోరంగి రేవు, ఇంకాస్త పైన కాకినాడ. అయినా కోనసీమ నుంచి ఎవరెవరు పోయారు, ఎందుకు పోయారు, వాళ్ళ వారసులు తమ ఊరిని ఎలా గుర్తుపట్టాలి అన్న విషయాల్లో ఏకాభిప్రాయం లేదు. చరిత్రకారులు ఓడ జాబితాలను నమ్ముతారు. ప్రవాస సంఘాలు పేర్లనూ పూజలనూ ఆధారం చేసుకుంటాయి. కుర్రకారు డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటోంది. మూడు దారులకూ మూడు రకాల లోపాలున్నాయి. అసలు లోటు ఇంకోచోట ఉందని ఈ వ్యాసకర్త నమ్మకం: జాబితాలో ఊరి పేరు కనబడితే వెతుకులాట సగమే అయినట్టు. మిగతా సగం ఊళ్ళో జరగాలి. అది మన వైపు ఇంకా మొదలే కాలేదు.

పోయిన దారులు

ముందుగా పోయినవాళ్ళు ఫ్రెంచి దారిన పోయారు. 1820ల చివర్లోనే యానాం నుంచి తెలుగు కూలీలను బూర్బన్ ద్వీపానికి తీసుకుపోయారు. ఇప్పటి రీయూనియన్ అదే. బ్రిటిషు వలసలకు కూలీలు వెళ్ళడం 1834లో మారిషస్‌తో ఊపందుకుంది. ఆ ఏడు నవంబరు 2న కలకత్తా నుంచి అట్లాస్ అనే ఓడ అక్కడికి చేరింది. ఆ తర్వాత ముప్పావు శతాబ్దంలో దాదాపు 4.5 లక్షల మంది భారతీయులు ఆ చిన్న ద్వీపానికి వెళ్ళారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్‌లో దిగింది. అప్పటినుంచి 1911 దాకా డర్బన్ రేవున్న నటాల్‌కు చేరినవాళ్ళు సుమారు 1,52,000 మంది, అందులో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే వెళ్ళారు. ఫిజీకి వలస 1879లో మొదలైనా మద్రాసు నుంచి ఓడలు కదిలింది 1903లో. 1916లో ఆగిపోయేలోగా అక్కడికి పోయిన 60 వేల పైచిలుకు జనంలో దక్షిణాది వాళ్ళు సుమారు 15 వేలు.

ఇవన్నీ ఒప్పంద కూలీ దారులు. అయిదేళ్ళ కరారు, మనిషికో నంబరు, దాంతోపాటు కాగితం. బర్మా, మలయా దారులు వేరు. అక్కడికి కూలీలను మేస్త్రీలు, కంగాణీలు అప్పిచ్చి తీసుకుపోయారు. కాకినాడలో ఓడెక్కి రంగం (రంగూన్) పోయినవాడికి సర్కారువారితో కరారు లేదు, నంబరూ లేదు. కోనసీమ ఇళ్ళల్లో పెద్దవాళ్ళ నోట నిన్నమొన్నటి దాకా నలిగిన మాట రంగం పోవడమే గాని మారిషస్ పోవడం కాదు. కానీ పూర్వీకుల మీద వచ్చిన పరిశోధన అంతా కాగితమున్న దారుల మీదే పేరుకుంది. ఈ అసమానతను మనసులో పెట్టుకుని ముందుకు పోవాలి.

ఐర్లండ్ వారి చిక్కు, మన చిక్కు

వలస పూర్వీకుల అన్వేషణ ఒక శాస్త్రంగా ఎదిగింది ఐరిష్ సంతతి వాళ్ళ మధ్య. అందుకే పద్ధతులు చెప్పే పుస్తకాలు ఆ నమూనాలోనే నడుస్తాయి. వాళ్ళ చిక్కేమిటంటే, అమెరికాలో దిగినప్పటి కాగితాల్లో పుట్టిన చోటు కింద చాలాసార్లు ఐర్లండ్ అని మాత్రమే ఉంటుంది. వాళ్ళకు కావలసింది టౌన్‌ల్యాండ్ అనే చిన్న పల్లె విభాగం, అవి 60 వేలకు పైగా ఉన్నాయి. పైగా 1922 జూన్ 30న డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనంలో అంతర్యుద్ధపు మంటలకు ప్రభుత్వ రికార్డుల కార్యాలయం బుగ్గయిపోయింది. 1821 నుంచి 1851 వరకు జరిగిన జనగణనల ఇంటి పత్రాలు చాలా మటుకు అందులోనే పోయాయి. అయినా వాళ్ళకు గ్రిఫిత్ వాల్యుయేషన్ మిగిలింది. 1847, 1864 మధ్య పన్ను లెక్కలకోసం తయారైన ఆ పట్టికల్లో భూస్వామి పేరే కాదు, చిన్న కౌలుదారు పేరు కూడా పల్లెవారీగా దొరుకుతుంది. అంటే దిగిన చోట సమాచారం పలచన, బయలుదేరిన చోట కాస్త చిక్కన.

మనది దీనికి సరిగ్గా తలకిందులు. నటాల్ ఓడ జాబితాలోనో ఫిజీ వలస పాసులోనో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా లేదా ఠాణా, ఊరు, ఒంటిమీది గుర్తులు ఉంటాయి. ఏ ఐరిష్ వారసుడూ కలలో కూడా ఆశించని వివరం అది. కానీ ఆ కాగితం పట్టుకుని ఊళ్ళోకి వస్తే, ఆ మనిషి ఇక్కడ పుట్టినట్టు చెప్పే పత్రం ఒక్కటీ ఉండదు. మన జనగణనలో ఇంటింటి పత్రాలను లెక్కలు తీశాక దాచే అలవాటు లేదు. రైతువారీ లెక్కల్లో ఉండేది పట్టాదారు. ఓడెక్కినవాళ్ళలో ఎక్కువమందికి పట్టా ఉండి ఉంటే అసలు ఓడెక్కేవాళ్ళే కాదు. ఐరిష్ పద్ధతిని యథాతథంగా ఇక్కడికి తెచ్చి, ఊరు దొరికితే కథ ముగిసినట్టే అనుకోవడం వల్ల చాలామంది నిరాశపడి వెనుదిరుగుతున్నారు.

కోరంగి పేరు, సింహాద్రి దేవుడు

అన్నిటికన్నా పాత వివాదం కోరింగీ అన్న పిలుపు మీద. మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాళ్ళను ఆ పేరుతో పిలిచారు. దాన్ని బట్టి ఒక వాదం గట్టిగా నిలబడింది: వీళ్ళు కోరంగి రేవు నుంచి వెళ్ళారు, కాబట్టి మూలం గోదావరి ముఖద్వారమూ దాని చుట్టుపట్ల ఊళ్ళూ, అంటే కోనసీమ, కాకినాడ ప్రాంతాలు. రెండో వాదం, కోరంగి ఆ తీరంలో పేరున్న రేవు కనుక దూరదేశాల వాళ్ళు ఉత్తర కోస్తా జనమంతటికీ ఆ పేరే అంటగట్టారని.

తేదీలు చూస్తే రెండో వాదానికి బలం ఎక్కువ. 1838 చివర్లో కూలీల ఎగుమతిని నిలిపివేసి, 1842 నాటి 15వ చట్టంతో మారిషస్‌కు తిరిగి అనుమతించినప్పుడు కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులనే పేర్కొన్నారు. ఈలోగా 1839 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెన కోరంగిని నేలమట్టం చేసింది. 1789 ఉప్పెన నుంచి తేరుకున్న రేవు ఈసారి మళ్ళీ లేవలేకపోయింది. ఇసుక మేట వేస్తూ వచ్చింది, వర్తకం కాకినాడకు మళ్ళింది. మారిషస్ వలస ఉద్ధృతంగా సాగిన కాలంలో కోరంగి పెద్ద రేవుగా లేదన్నది గట్టి అభ్యంతరమే. కానీ మొదటి వాదాన్ని పూర్తిగా కొట్టిపారేయడమూ కుదరదు. 1838కి ముందు కట్టుదిట్టాలు లేని రోజుల్లో కోరంగి ఓడలు సముద్రంలో విరివిగా తిరిగాయి, ఆ ఊరు ఓడల నిర్మాణానికీ పేరుపొందింది. పిలుపు ఆ రోజుల్లో పుట్టి, తర్వాత మద్రాసు నుంచి వచ్చిన తెలుగువాళ్ళకూ అంటుకుని ఉండవచ్చు.

పూజలు మరో వైపు చూపిస్తాయి. మారిషస్ తెలుగువాళ్ళు తరతరాలుగా నిలుపుకున్న వాటిలో ముఖ్యమైనవి సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజన. అప్పన్న విశాఖ దగ్గర సింహాచలం కొండ మీది దేవుడు. కోనసీమ మనిషి నరసింహస్వామి అనగానే తలచుకునేది అంతర్వేదిని, మాఘమాసంలో జరిగే అక్కడి కల్యాణాన్ని. మారిషస్ వెళ్ళినవాళ్ళలో కోనసీమ వాళ్ళే ఎక్కువై ఉంటే అంతర్వేది పేరు ఏదో రూపంలో నిలవాలి గదా అన్నది సబబైన ప్రశ్న. నటాల్ జాబితాల్లోనూ తెలుగువారి విషయంలో విశాఖపట్నం జిల్లా వాటా పెద్దదిగానే కనిపిస్తుంది. అయితే సింహాచలం భక్తులు విశాఖ జిల్లాకే పరిమితం కాదు, గోదావరి జిల్లాలోనూ అప్పన్నకు మొక్కులున్నాయి. దేవుడిని బట్టి ప్రాంతం ఊహించవచ్చు గాని ఊరిని తేల్చలేం. ఇప్పటికి చెప్పగలిగిందల్లా, కోరింగీ అన్న పిలుపు మీద ఆధారపడి కోనసీమ మూలాన్ని ఎవరూ రుజువు చేయలేరన్నది.

ఓడ జాబితా చెప్పేది, చెప్పనిది

కాగితం పక్షానికి బలం తెచ్చిన పని 1980, 90లలో జరిగింది. ఫిజీ విషయంలో బ్రిజ్ లాల్ 45 వేలకు పైగా ఉత్తరాది పాసులను ఒక్కొక్కటిగా లెక్కించి 1983లో గిర్మిటియాల (ఒప్పంద కూలీల) మూలాల మీద పుస్తకం తెచ్చాడు. నటాల్ ఓడ జాబితాల మీద సురేంద్ర భానా పుస్తకం 1991లో వచ్చింది. మారిషస్ రికార్డులను మరీనా కార్టర్ తవ్వి తీసింది. అక్కడి వలస రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి, 1860ల తర్వాత వచ్చినవారిలో ఎందరివో ఫొటోలతో సహా. నటాల్ జాబితాలు కంప్యూటర్‌కెక్కాయి, మనిషికి ఇచ్చిన కాలనీ నంబరు తెలిస్తే చాలు, దొరుకుతాడు. రీయూనియన్ వెళ్ళినవారి కాగితాలు ఫ్రెంచిలో ఉన్నాయి. వాటికి ఆ ద్వీపంలోని ఆర్కైవ్స్‌లోనూ ఫ్రాన్సులో ఎక్స్-అన్-ప్రొవాన్స్‌లోని వలస రికార్డుల కేంద్రంలోనూ వెతకాలి.

ఊరి పేరు దొరికాక వచ్చే మొదటి చిక్కు హద్దులది. 1859కి ముందు వెళ్ళినవాడి జిల్లా రాజమండ్రి. ఆ ఏడు జరిగిన మార్పులతో అది గోదావరి జిల్లా అయింది. 1904లో గోదావరి, కృష్ణా జిల్లాల హద్దులు మళ్ళీ మారాయి. 1925లో తూర్పు, పశ్చిమ గోదావరులు ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా పుట్టింది, ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో ఉంది.

రాజోలు విషయంలో ఈ చిక్కు ఎంత తప్పుదారి పట్టిస్తుందో దగ్గరగా చూడాలి. వసిష్ఠకూ వైనతేయకూ మధ్యనున్న నగరం దీవి ఒకప్పుడు నరసాపురం తాలూకాలో భాగం. 1904లో నరసాపురం కృష్ణా జిల్లాకు పోయినా ఈ దీవి మాత్రం గోదావరి జిల్లాలోనే ఉండిపోయింది. నగరం తాలూకాగా నడిచి, తర్వాత రాజోలు తాలూకా అయింది. ఆ కాలపు గెజిటీరులో రాజోలుకు రాసిన పేరు రాజవోలు. అంటే 1880లో శివకోడు నుంచో తాటిపాక నుంచో నటాల్ వెళ్ళినవాడి వరసలో నరసాపురం తాలూకా అని ఉండవచ్చు. వారసులు ఆ కాగితం పట్టుకుని నేరుగా ఇప్పటి పశ్చిమ గోదావరికి వెళతారు. ఊరి పేరు అక్కడ కనబడదు. జాబితా తప్పు అని తేల్చేస్తారు. నిజానికి మనిషి నదికి ఇవతల ఒడ్డువాడు. కొత్తపేటది ఇంకో రకం ఇబ్బంది. ఆ రోజుల్లో ఆ ప్రాంతమంతా అమలాపురం తాలూకా. పైగా కొత్తపేట అన్న పేరు ఆంధ్రదేశంలో ఎన్ని ఊళ్ళకుందో చెప్పనక్కరలేదు. గన్నవరం ఒకటి వైనతేయ ఒడ్డున, ఒకటి కృష్ణా జిల్లాలో. తాలూకా గడి చదవకుండా ఊరి పేరొక్కటీ పట్టుకుంటే ఏ పేటకో, ఏ లంకకో చేరుకుంటాం.

రెండో చిక్కు రాసినవాడిది. కూలీ నోటితో చెప్పింది గుమాస్తా తన చెవికి అందినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. గుమాస్తా తమిళుడైతే తెలుగు ఊరు మరింత రూపు మారింది. మూడోది అన్నిటికన్నా లోతైనది: కూలీ చెప్పిన ఊరు పుట్టిన ఊరా, అప్పటికి ఉంటున్న ఊరా? విశాఖ వైపు నుంచి డెల్టాకు ఊడ్పులకూ కోతలకూ వచ్చే జనం అప్పుడూ ఉన్నారు. అలా వచ్చి నాలుగేళ్ళు అమలాపురం తాలూకాలో పాలేరుగా ఉన్నవాడు కాకినాడలో పేరు రాయించుకుంటే గోదావరి జిల్లావాడే అవుతాడు. ఈ ప్రశ్నకు జాబితా లోపలినుంచి జవాబు రాదు.

పేరును బట్టి ఊరు

కాగితం దొరకనివాళ్ళు, దొరికినా అక్షరాలు పోల్చుకోలేనివాళ్ళు పేర్లను ఆశ్రయిస్తారు. తెలుగునాట పేరులో దేవుడి చిరునామా ఉంటుంది. అప్పలస్వామి, అప్పన్న, అప్పాయమ్మ అంటే సింహాచలం వైపు. పైడితల్లి, పైడయ్య అంటే విజయనగరం. తలుపులు, లోవ అంటే తుని దగ్గరి తలుపులమ్మ. మావుళ్ళు అంటే భీమవరం. కోనసీమలో అయితే వానపల్లి పళ్ళాలమ్మ, మురమళ్ళ వీరేశ్వరుడు, అయినవిల్లి వినాయకుడు, అంతర్వేది నరసింహుడు. నాలుగైదు తరాల పేర్లు వరసగా పెట్టి చూస్తే ఒక మొగ్గు కనబడుతుంది. ఒక్క పేరును పట్టుకుంటే మాత్రం మోసపోతాం. నూకాలు అనగానే అనకాపల్లి అంటారు. కాండ్రకోట నూకాలమ్మ అప్పటి గోదావరి జిల్లాలోనే ఉంది. వీరన్న, వెంకన్నలు ఎక్కడ లేరు? అన్నవరం గుడి వెలసింది 1891లో. కాబట్టి 1911లోపు ఓడెక్కిన పెద్దవాళ్ళలో సత్యనారాయణ పేరు ఆ కొండకు ఆనవాలు కాదు.

ఇంటిపేరు పరిస్థితి మరీ విచారకరం. తెలుగువాడికి ఊరినీ వంశాన్నీ కలిపే తాడు ఇంటిపేరే. జాబితాలో దానికి గడి లేదు. పేరు, తండ్రి పేరు రాసుకున్నారు. రెండో తరానికి తండ్రి పేరే వంశనామమైంది, లేదా నాయుడు, రెడ్డి వంటి కులనామం ఆ చోట కూర్చుంది. డర్బన్ నాయుళ్ళలో జాబితా తెరిచి చూస్తే పూర్వీకుడి కులం వేరేదిగా రాసి ఉన్న కుటుంబాలున్నాయి. ఓడ దిగాక పేరుతోపాటు అంతస్తునూ మార్చుకున్నవాళ్ళు కొందరు. గుమాస్తా నిర్లక్ష్యంతో రాసినవి కొన్ని, తెలింగ అనే మాటను కులం గడిలో పడేసినవి కొన్ని. అందుకే కులం గడిని తుది మాటగా తీసుకోరాదన్న దగ్గర పరిశోధకులు, సంఘాలు ఇద్దరూ ఒకటవుతారు. ఆ గడిలో కనబడ్డదాన్ని దాచిపెట్టే అలవాటు మాత్రం మానాలి. మాల, మాదిగ పేటల నుంచి వెళ్ళిన పూర్వీకుడిని నాయుడి వీధిలో వెతికితే జన్మలో దొరకడు.

ఎందుకు పోయారన్న వాదం

హ్యూ టింకర్ 1974లో రాసిన పుస్తకం ఒప్పంద కూలీ పద్ధతిని బానిసత్వానికి కొత్త రూపంగా చూపింది. మోసం, అప్పు, ఓడెక్కేదాకా ఉంచే డిపోల్లో నిర్బంధం, తోటల్లో కొరడా ఆ చిత్రంలో ముందుంటాయి. తర్వాత వచ్చిన కార్టర్, లాల్ వంటివారు కూలీలు లెక్కచూసుకుని వెళ్ళిన సందర్భాలనూ, తిరిగొచ్చి మళ్ళీ వెళ్ళినవారినీ, తమవాళ్ళను వెంటపెట్టుకు పోయినవారినీ చూపించారు. తెలుగు వలసల మీద పనిచేసిన అడపా సత్యనారాయణ బర్మాకు సాగిన రాకపోకల్లో పేదరికంతో పాటు కులపీడన నుంచి తప్పించుకునే దారినీ చూశారు.

కోనసీమ ఈ వాదానికి ఒక విడి ప్రశ్న జోడిస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆర్థర్ కాటన్ చలవతో నీళ్ళు మధ్య డెల్టా అంతటా పారాయి. వైనతేయ మీద గన్నవరం అక్విడక్టు కట్టి నగరం దీవికీ నీరిచ్చారు. డెల్టా పచ్చబడ్డ ఆ దశాబ్దాల్లోనే ఓడలు నిండడం ఎలా కుదిరింది? ఒక జవాబు ఆనకట్టకు ముందుకాలం చూపిస్తుంది. 1833 కరవు, వరస తుపాన్లు, బండమూర్లంక, ఇంజరం, మాదపోలెం వంటి చోట్ల కంపెనీ బట్టల వర్తకం మూతపడి నేతగాళ్ళు వీధిన పడడం. ఇరవై ఏళ్ళలో రాజమండ్రి జిల్లా జనం 7.38 లక్షల నుంచి 1841కి 5.61 లక్షలకు పడిపోయారు. ఆ లెక్కన కోనసీమ వాళ్ళు ఎక్కువగా పోయింది తొలి కాలంలో, మారిషస్, బూర్బన్ ద్వీపాలకు. రెండో జవాబు, నీళ్ళు వచ్చినా లాభం పొలమున్నవాడిదే, పాలేరు బతుకు మారలేదు, పైగా కాలవల మీద పడవ ప్రయాణం తేలికై కాకినాడ దగ్గరైంది. రెండోది బర్మా వలసకు బాగా అతుకుతుంది. తొలి కాలపు మారిషస్ రిజిస్టర్లలో రాజమండ్రి జిల్లా వాళ్ళను ఊరివారీగా విడదీసి లెక్కకట్టితేనే మొదటిదాని బలం తేలుతుంది. తాలూకావారీగా ఆ పని చేయడానికి మన విశ్వవిద్యాలయాల్లో ఒక్క బృందం పూనుకున్నా చాలు.

ఊళ్ళో ఏం మిగిలింది

విదేశాంగ శాఖ దగ్గర మూలాలు వెతికిపెట్టే పథకం ఉంది. దాన్ని 2008లో అప్పటి ప్రవాస భారతీయ వ్యవహారాల శాఖ మొదలుపెట్టింది. 30,000 రూపాయలు కట్టాలి, దొరకకపోతే 20,000 వెనక్కిస్తారు. మారిషస్‌లో ఏడో తరం వారికీ ఓసీఐ (విదేశీ భారత పౌరసత్వ) కార్డు ఇస్తామని 2024లో భారత ప్రభుత్వం ప్రకటించాక కాగితం రుజువుకు విలువ పెరిగింది. అయితే ఎవరు వెతికినా చివరికి వచ్చి ఆగేది ఊరి గుమ్మం ముందే.

ఊళ్ళో దొరికేవి మూడు నాలుగు రకాలు. ఇనాం విచారణ నాటి రిజిస్టర్లు, సర్వే సెటిల్మెంటు లెక్కలు, ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్మెంటు రిజిస్టరు) లాంటివి. వాటిలో భూమి ఉన్నవాడి పేరే ఉంటుంది. జమీ గ్రామాల్లో చాలావాటికి 1948 నాటి జమీందారీ రద్దు చట్టం దాకా ఆ మాత్రమూ లేదు. జనన మరణాల నమోదు చట్టం మద్రాసు రాజధానిలో గట్టిపడింది 1899లో. అప్పటికే పెద్దవాళ్ళయి ఓడెక్కినవారికి అది ఉపయోగపడదు. 1830లలో మొదలై నరసాపురం కేంద్రంగా పనిచేసిన గోదావరి డెల్టా మిషన్ బ్రదరన్ సంప్రదాయానిది, పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చే ఆచారం లేదు. ఐర్లండ్‌లో పారిష్ రిజిస్టరు చేసే మేలు ఇక్కడ అందదు. కరణాల పద్ధతి 1980లలో రద్దయినప్పుడు ఇళ్ళల్లో ఉన్న పాత దస్త్రాలు చెల్లాచెదురయ్యాయి. అన్నిటికీ మించి గోదావరి. ఏటిగట్టు తెగి, లంక కోసుకుపోయి, ఊరు జరిగి పాత పేరుతో కొత్తచోట వెలసిన సందర్భాలు ఈ సీమలో ఉన్నాయి.

మిగిలింది నోటి మాట. ఇందులో వెతికేవాళ్ళు చేసే పొరపాటు, ఊళ్ళోకి రాగానే కరణంగారి వారసుల్నో అగ్రహారంలో పెద్దల్నో అడగడం. ఓడెక్కినవాళ్ళ ఊసు వాళ్ళ దగ్గర ఉండదు. పేటల్లో ముసలివాళ్ళ దగ్గర ఉంటుంది. ఫలానా ఇంటిపేరువాళ్ళలో ఒకడు పరదేశం పోయి తిరిగి రాలేదన్న మాట ఉంటుంది. ఆ మాటను ఎవరూ రాసిపెట్టలేదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో గ్రామం వారీగా పేటల్లోని ఇంటిపేర్లు, ఇలవేల్పులు, పరదేశం పోయినవారి గురించిన జ్ఞాపకాలు సేకరించి ఒకచోట పెట్టే పని స్థానిక కళాశాలల విద్యార్థులతో ఒక్క ఏడాదిలో చేయించవచ్చు. విదేశీ జాబితాల పక్కన ఈ జాబితా పెడితే తప్ప ఈ అన్వేషణ ముందుకు కదలదు.

డీఎన్ఏ పరీక్ష

డీఎన్ఏ మీద పెట్టుకున్న ఆశ ఎక్కువ, మన సందర్భంలో అది ఇవ్వగలిగింది తక్కువ. ఆరు తరాల అవతలి ఒక్క పూర్వీకుడి వాటా మనలో అరవై నాలుగో వంతు. పోల్చడానికి కోనసీమ పల్లెల్లో పరీక్ష చేయించుకున్నవాళ్ళు ఉండాలి, వాళ్ళు బహు తక్కువ. పైగా కులం లోపలి పెళ్ళిళ్ళు, మేనరికాలు తరతరాలుగా సాగినచోట దూరపు చుట్టం దగ్గరి చుట్టంలా కనబడతాడు. కాగితమూ నోటి మాటా కలిసి ఒక ఇంటిని చూపించాక ఔనా కాదా అని తేల్చుకోవడానికి పరీక్ష పనికొస్తుంది. అసలు ఊరేదో అది చెప్పలేదు.

రంగం పోయినవాళ్ళు

కాగితం లేని వలస గురించి వాదన కూడా పెద్దగా లేదు, అదే అసలు నష్టం. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి రంగూన్ రేవుకూ బియ్యం మిల్లులకూ పోయిన తెలుగు కూలీల గురించి ఇ.జె.ఎల్. ఆండ్రూ 1933లో పుస్తకం రాశాడు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె దరిమిలా జరిగిన దాడుల్లో వాళ్ళు పెద్ద సంఖ్యలో బలయ్యారు. 1942లో జపాను సేనలు వస్తుంటే లక్షల మంది కొండదారిన నడిచి వచ్చారు. 1960లలో ఇంకొందరు కాందిశీకులుగా తిరిగి వచ్చారు. వీళ్ళలో ఏ ఊరివాళ్ళు ఎందరో తేల్చే వ్యక్తుల జాబితా లేదు. మేస్త్రీ అప్పుల చిట్టాలు ఉండి ఉంటే అవే మన ఓడ జాబితాలయ్యేవి. బర్మా తెలుగువారి వారసులకు కోనసీమలో దారి దొరికితే రంగం నుంచి పంపిన మనియార్డరు రసీదు, పాత ఉత్తరం, అక్కడ తీయించుకున్న ఫొటో, ఆ డబ్బుతో కొన్న చెక్క పొలం దస్తావేజు ద్వారా దొరకాలి. ఇవి ఇళ్ళల్లో పెట్టెల్లో ఉన్నాయి. చెదలు వాటిని తింటున్నాయి. ఒప్పంద కూలీల వారసులకన్నా వీళ్ళ పని ముందు జరగాలని ఈ సమీక్ష అభిప్రాయం. ఓడ జాబితాలు భద్రంగా ఉన్నాయి, పెట్టెలు లేవు.

జాబితాలో ఆడవాళ్ళు

చివరిది, ఇంకా సరిగా మొదలుకాని చర్చ. నటాల్, ఫిజీలకు వెళ్ళే ఓడలో ప్రతి 100 మంది మగవాళ్ళకు 40 మంది ఆడవాళ్ళు ఉండాలని నిబంధన. ఆ లెక్క నింపడానికి మోసాలు జరిగాయని ఒక పక్షం, ఇల్లు విడిచిన వితంతువులు, భర్త వదిలేసినవాళ్ళు, అప్పుల్లో చిక్కినవాళ్ళు తమంతట తామే కదిలారని ఇంకో పక్షం. రెండిటికీ ఆధారాలున్నాయి. మూలాల వెతుకులాటలో మాత్రం ఇద్దరూ మగవాడి వరసే చూస్తున్నారు. వారసులు వెతికేది ముత్తాతను. ఊరు గుర్తుంచుకునేదీ కొడుకునే. ఆడపిల్ల పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది, పరదేశం పోయిందంటే ఆ పేరెత్తడమే మానేస్తారు.

కానీ నటాల్ జాబితాలో భార్యకూ విడి నంబరు ఉంది. ఒంటరిగా వెళ్ళినదానికీ, చంకలో పిల్లకూ ఉంది. ఆమె పేరు, తండ్రి పేరు, వయసు, ఆమె ఊరు, ఆమె ఒంటిమీది గుర్తు వేరుగా రాశారు. మొగుడూ పెళ్ళాలుగా డర్బన్‌లో దిగిన ఇద్దరి ఊళ్ళు వేరువేరు తాలూకాల్లో ఉన్నాయంటే వాళ్ళు పెళ్ళి చేసుకుని వెళ్ళారా, డిపోలో జతకూడారా అన్న ప్రశ్న వస్తుంది. ఒకే తాలూకాలో పక్కపక్క ఊళ్ళయితే అది మనువు జరిగిన సంబంధం కావడానికే అవకాశం ఎక్కువ. అప్పుడు మగవాడి ఊరి అక్షరాలు చెరిగిపోయినా ఆమె ఊరి నుంచి అతని ఊరికి దారి ఉంటుంది. కోనసీమ వంటి చోట, సంబంధాలు ఏటికి అవతలా ఇవతలా నాలుగైదు ఊళ్ళ మధ్యనే నడిచిన కాలంలో, ఆ దారి బాగా చిన్నది. కొత్తగా వెతుకులాట మొదలుపెట్టేవాళ్ళు ముందు ముత్తవ్వ నంబరు తీసి చూడాలి.